ఐదో క్రాస్, ఆరో క్రాస్, మధ్యలో హిప్పోక్యాంపస్

పోయిన ఏడాది ఉగాది అయ్యాక మా నాన్న మదనపల్లెలో ఇంటికి తాళం వేసి బెంగళూరులో మా దగ్గరికి వచ్చేశాడు. రామమూర్తి నగర్‌లో మేముండే వీధి ఆరో క్రాస్. వచ్చిన రెండో వారంలో ఒక రోజు పొద్దున పాల ప్యాకెట్ తెస్తానని వెళ్లి ముప్పావుగంటైనా రాలేదు, ఫోన్ చూస్తే ఇంట్లోనే ఉంది, నేను పరుగున వెళ్లి వెతికితే ఐదో క్రాస్‌లో అచ్చం మా ఇంటి లాంటి ఇంకో ఇంటి ముందు నిలబడి ఆ గేటు వంకే చూస్తున్నాడు. "రెండు వీధులూ ఒకే మాదిరి ఉండాయి గదరా" అన్నాడు, అంతే. ముప్పై ఏళ్లకు పైగా ఆర్టీసీ బస్సు నడిపిన మనిషి.

నాకు గుండె జారిపోయింది. అల్జీమర్స్ అనే మాట ఆ రోజంతా తలలోంచి పోలేదు. కానీ అదే రాత్రి అన్నం తింటూ, ఎప్పుడో మా చిన్నప్పుడు భాకరాపేట ఘాట్‌లో వానకి బండి ఆగిపోయిన సంగతి చెప్పాడు. ఏ సీట్లో ఎవరు కూర్చున్నారు, కండక్టర్ ఎవరికి తన దుప్పటి ఇచ్చాడు, ఏ మలుపు దగ్గర ఆగింది, అన్నీ వరసగా. మరి పాతికేళ్ల కిందటి మలుపు గుర్తున్న మనిషికి పది రోజులుగా నడుస్తున్న వీధి ఎందుకు గుర్తుండటం లేదు?

డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ చాలా ప్రశ్నలు అడిగి, ఐదు మాటలు చెప్పి, మధ్యలో వేరే లెక్కలేవో చేయించి, మళ్లీ ఆ మాటలు చెప్పమన్నారు. మూడు తనంతట తనే చెప్పాడు. మిగతా రెండూ "ఒకటి పువ్వు పేరు" లాంటి చిన్న ఆసరా ఇవ్వగానే చెప్పేశాడు. మిగతా పరీక్షలు కూడా చూశాక ఆవిడ అన్నది, ఆసరా ఇస్తే వస్తోందంటే విషయం లోపల ఉంది, బయటికి లాగడమే ఆలస్యం, జబ్బు మొదలైతే చాలాసార్లు విషయం లోపలికే వెళ్లదు కాబట్టి ఎంత ఆసరా ఇచ్చినా రాదు అని. ఆ ఒక్క మాటకి టెన్షన్ సగం తగ్గింది. మిగతా సగం తగ్గించుకోవడానికి నేను చదవడం మొదలుపెట్టాను, అలా మెదడులో హిప్పోక్యాంపస్ అనే ఈ చిన్న భాగం గొడవలో పడ్డాను.

ముందుగా ఒక అపోహ తీసేయాలి. జ్ఞాపకాలన్నీ హిప్పోక్యాంపస్‌లో దాచి ఉంటాయని చాలా చోట్ల రాస్తారు, గోదాములో బస్తాల్లా. అలా కాదు. మీరు చూసింది కంటికి సంబంధించిన కార్టెక్స్‌లో, విన్నది చెవికి సంబంధించిన కార్టెక్స్‌లో, ఇలా ఒక్కో ముక్క మెదడు పైపొరలో ఒక్కో చోట ఉంటుంది. ఆ ముక్కలన్నీ ఒకే సంఘటనకి చెందినవని కట్టి ఉంచేది హిప్పోక్యాంపస్. కె.ఆర్. మార్కెట్‌లో పొద్దున్నే వెళ్లి చూడండి, చామంతులు ఒక కుప్ప, కనకాంబరాలు ఒక కుప్ప, మరువం ఇంకో పక్క. దండ అయ్యేది దారం పడ్డాకే. మనం "దండలో దారం" అని ఊరికే అంటుంటాం గానీ, ఈ చిన్న అవయవం చేసే పనికి అంతకంటే మంచి మాట నాకు దొరకలేదు.

ఎక్కడుంటుందంటే, రెండు చెవుల పక్కనా బాగా లోపల, ఒక్కో వైపు ఒకటి, కొంచెం వంపు తిరిగి దాదాపు చిటికెన వేలంత. సముద్రపు గుర్రంలా ఉందని 16వ శతాబ్దంలో ఇటలీ శరీర శాస్త్రవేత్త అరాంజీ ఆ పేరు పెట్టాడు. పేరు పెట్టాక దాదాపు నాలుగు వందల ఏళ్ల పాటు అది దేనికి ఉందో సరిగ్గా ఎవరికీ తెలియదు. తెలిసిన విధానం మాత్రం చాలా బాధాకరం.

1953లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హెన్రీ మోలైసన్ అనే 27 ఏళ్ల యువకుడికి మూర్ఛలు ఏ మందుకీ లొంగకపోతే, విలియం స్కోవిల్ అనే సర్జన్ అతని మెదడు రెండు పక్కలా హిప్పోక్యాంపస్‌లో చాలా భాగాన్ని, దాని చుట్టుపక్కల కణజాలాన్ని తీసేశాడు. మూర్ఛలు తగ్గాయి. కానీ ఆ తర్వాత అతనికి కొత్త సంఘటన ఏదీ నిలవలేదు. కెనడా నుంచి వచ్చి పరీక్షలు చేసిన బ్రెండా మిల్నర్ గది బయటికి వెళ్లి కాసేపాగి లోపలికి వస్తే, ఆవిడ అతనికి మళ్లీ కొత్త మనిషే. తెలివితేటలు తగ్గలేదు, మాట బాగుంది, చిన్నప్పటి సంగతులు ఉన్నాయి, ఆపరేషన్‌కి ముందు కొన్నేళ్ల సంగతులు మాత్రం చాలావరకు పోయాయి. స్కోవిల్, మిల్నర్ కలిసి 1957లో ఈ సంగతి రాశాకే జ్ఞాపకానికీ హిప్పోక్యాంపస్‌కీ ఉన్న ముడి ప్రపంచానికి తెలిసింది. హెన్రీ 2008లో చనిపోయే దాకా, యాభై ఏళ్లకు పైగా, తన మెదడు మీద పరీక్షలకు ఒప్పుకుంటూనే ఉన్నాడు, ఒప్పుకున్న సంగతి ప్రతిసారీ మర్చిపోతూ. ఈ రంగంలో ఎవరికైనా దండం పెట్టాలంటే నేను ఆయనకే పెడతాను.

ఆయన విషయంలో ఇంకొకటి ఉంది. అద్దంలో మాత్రమే చూసుకుంటూ నక్షత్రం బొమ్మ మీద గీత గీయమన్నారు. మొదట్లో చేయి అటూ ఇటూ పోయింది, మూడు రోజుల సాధనలో చక్కగా కుదిరింది, కానీ ఆ పని ఇంతకు ముందు చేసినట్టు ఆయనకు తెలియనే తెలియదు. మనం పనితనం గురించి "చేయి తిరిగింది" అంటాం చూడండి, ఆ చేయి తిరగడం వేరే దారిలో, మెదడులో వేరే చోట్ల జరుగుతుంది. సైకిల్ తొక్కడం, చపాతీ గుండ్రంగా ఒత్తడం, గేరు మార్చడం, వీటికి హిప్పోక్యాంపస్ లేకపోయినా నడుస్తుంది. "ఆ రోజు ఆ ఘాట్‌లో వానలో ఆగిపోయాం" అనడానికి మాత్రం అది కావాలి.

ఇక కణాల సంగతికి వద్దాం.

1971లో లండన్‌లో జాన్ ఓకీఫ్, ఆయనతో పనిచేసిన జొనాథన్ డోస్ట్రోవ్‌స్కీ ఎలుక హిప్పోక్యాంపస్‌లోకి సన్నని తీగ దింపి, అది అటూ ఇటూ తిరుగుతుంటే ఒక్కో న్యూరాన్, అంటే మెదడులోని నాడీ కణం, ఎప్పుడు మోగుతుందో (విద్యుత్ సంకేతం ఇస్తుందో) విన్నారు. ఒక న్యూరాన్ ఎలుక ఫలానా మూలకి వస్తేనే మోగుతోంది, మిగతా చోట్ల దాదాపు నిశ్శబ్దం. పక్కనున్న న్యూరాన్‌కి ఇంకో చోటు. అన్నీ కలిపితే ఆ గది మొత్తానికి ఒక పటం. వీటికి ప్లేస్ సెల్స్ అని పేరు, మనం చోటు కణాలు అనుకుందాం. ఎలుకని వేరే గదిలో పెడితే అదే కణాలు వేరే అమరికలో మోగుతాయి, కొన్ని ఊరుకుంటాయి, కొత్తవి లేస్తాయి. అంటే కొత్త చోటుకి కొత్త పటం తయారు కావాలి, దానికి కొంచెం సమయం, కొన్ని నడకలు కావాలి. మదనపల్లె పటం మా నాన్న తలలో పదిలంగా ఉంది, రామమూర్తి నగర్ పటం అప్పటికింకా సగం గీసినట్టు ఉంది. తప్పంతా అదే.

2005లో నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో మే-బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్, వాళ్ల విద్యార్థులు హిప్పోక్యాంపస్‌కి వాకిలి లాంటి ఎంటోరైనల్ కార్టెక్స్‌లో ఇంకో రకం కణాలు కనిపెట్టారు. ఇవి ఒక్క చోట కాదు, నేల మొత్తం మీద సమాన దూరాల్లో ఉన్న చాలా బిందువుల దగ్గర మోగుతాయి. ఆ బిందువులని కాగితం మీద పెడితే ఎలా ఉంటుందో చెప్పడానికి ఇంగ్లీషు పుస్తకాలు చాలా కష్టపడతాయి గానీ మన ఇళ్లలో సంక్రాంతికి ముగ్గేసే ఎవరికైనా ఒక్క మాటలో చెప్పొచ్చు: సందు చుక్కలు. 15 నుంచి 8 వరకు సందు చుక్క పెడితే ఆరు మూలల ఆకారం వస్తుంది కదా, అచ్చం ఆ అమరికే. ఎంత దూరం నడిచాం, ఎటు తిరిగాం అన్న కొలత ఈ చుక్కల ముగ్గు ఇస్తుంది. 2014 నోబెల్ బహుమతి ఓకీఫ్‌కి, మోసర్ దంపతులకి కలిపి ఇచ్చారు.

సరే, చోటు తెలిసింది, అది నిలవడం ఎలా? ఒక న్యూరాన్ ఇంకో న్యూరాన్‌ని తాకే సందుని సినాప్స్ అంటారు. రెండూ కలిసి పదే పదే పనిచేస్తే వాటి మధ్య బంధం గట్టిపడుతుందని డొనాల్డ్ హెబ్ 1949లో ఊహించాడు. 1973లో టిమ్ బ్లిస్, టెరియె లోమో కుందేళ్ల హిప్పోక్యాంపస్‌లో దాన్ని నిజంగా చూశారు, కాసేపు వేగంగా కరెంటు తట్టి వదిలితే ఆ సినాప్సులు గంటల తరబడి బలంగా ఉండిపోయాయి. ఇక్కడ నాకు బాగా నచ్చిన పరికరం ఒకటుంది, ఎన్‌ఎండీఏ గ్రాహకం, అంటే రసాయన సందేశం అందుకుని తెరుచుకునే ఒక చిన్న ద్వారం. బ్యాంకు లాకర్ తెరవాలంటే మీ తాళంచెవి ఒకటి, బ్యాంకు వాళ్లది ఒకటి, రెండూ ఒకేసారి పెట్టాలి కదా. ఇదీ అంతే. ఇటువైపు న్యూరాన్ గ్లూటమేట్ అనే రసాయనం పంపాలి, అదే క్షణంలో అటువైపు న్యూరాన్ అప్పటికే ఉత్తేజంగా ఉండాలి. ఎందుకంటే ఆ ద్వారంలో ఒక మెగ్నీషియం అయాన్ బిరడాలా అడ్డం పడి ఉంటుంది, అటువైపు కణం ఉత్తేజపడితేనే అది పక్కకి తప్పుకుంటుంది. రెండూ కుదిరితే లోపలికి కాల్షియం వస్తుంది, ఆ కాల్షియం కొన్ని ఎంజైములని లేపుతుంది, అవి సినాప్స్ దగ్గర ఇంకొన్ని గ్రాహకాలని తెచ్చి నిలబెడతాయి, ఇక మరుసటిసారి అదే సందేశం ఇంకా గట్టిగా వినిపిస్తుంది. "ఇదీ అదీ ఒకేసారి జరిగాయి" అని రాసుకునే యంత్రం ఒక ప్రోటీన్ అణువులో ఉందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. 1986లో రిచర్డ్ మోరిస్ బృందం ఈ ద్వారాన్ని మూసే మందు ఎలుకలకిచ్చి తెల్లటి మబ్బు నీళ్ల తొట్టిలో వదిలితే, నీటి కింద కనపడని తిన్నె ఎక్కడుందో అవి సరిగ్గా నేర్చుకోలేకపోయాయి.

ఇప్పుడు ఐదో క్రాస్, ఆరో క్రాస్ దగ్గరికి వద్దాం. ఎంటోరైనల్ కార్టెక్స్ నుంచి వచ్చే సమాచారం ముందు హిప్పోక్యాంపస్‌లో డెంటేట్ గైరస్ అనే చోటుకి, అక్కడి నుంచి సీఏ3 అనే భాగానికి, తర్వాత సీఏ1 అనే భాగానికి వెళ్లి మళ్లీ బయటికి వస్తుంది. డెంటేట్ గైరస్‌లో కణాలు చాలా ఎక్కువ, ఎలుకలోనే ఒక్కో పక్క సుమారు 10 లక్షలు, కానీ ఏ క్షణంలో చూసినా వాటిలో అతి కొన్నే మోగుతాయి. అంతమందిలో కొద్దిమందినే పిలిస్తే, దాదాపు ఒకేలా ఉన్న రెండు సందర్భాలకి కూడా వేర్వేరు జట్లు వస్తాయి. ఐదో క్రాస్‌లో నీలం గేటు, ఆరో క్రాస్‌లో నీలం గేటు, తేడా అల్లా మూల మీద ఇస్త్రీ బండి, దానికీ వేరే జట్టు. నిన్న మెట్రో స్టేషన్ కింద బండి ఎక్కడ పెట్టాం, ఇవాళ ఎక్కడ పెట్టాం అన్నది కలగాపులగం కాకుండా చూసేది ఇదే. వయసు పెరిగే కొద్దీ ఈ విడదీసే పని కాస్త మందగిస్తుంది, జబ్బు లేకపోయినా. బెంగళూరు వీధుల పేర్లేమో మెయిన్, క్రాస్, అంకెలు. ఊళ్లో లాగా రావిచెట్టు సందు, గానుగ వీధి అని ఉంటే పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. అంకెలకి రంగూ వాసనా ఏముంటాయి? అందుకే నేను నాన్నకి అంకె చెప్పడం మానేసి "ఇస్త్రీ బండి వీధి" అని చెప్పడం మొదలుపెట్టాను.

సీఏ3 పని దీనికి సరిగ్గా తిరగేసినట్టు ఉంటుంది. అక్కడి న్యూరాన్లు ఒకదానితో ఒకటి విపరీతంగా అల్లుకుని ఉంటాయి, అందుకని జట్టులో కొన్ని కణాలు లేస్తే చాలు, మిగతా జట్టంతా లేస్తుంది. దీనికి లెక్కగట్టిన నమూనాని డేవిడ్ మార్ 1971లోనే రాశాడు. తడి మట్టి వాసన తగిలితే చాలు, ఘాట్ రోడ్డు, బస్సు, దుప్పటి మొత్తం వచ్చేస్తాయి. వయ్యాలికావల్‌లో ఒకసారి అష్టావధానం చూశాను. ఎనిమిది మంది పృచ్ఛకులు, నాలుగు ఆవృత్తులు, ఒక్కో ఆవృత్తిలో ఒక్కో పాదం, మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన అడ్డుపడుతూనే ఉంటాడు, చివర్లో ధారణకి కూర్చున్న అవధాని ఒక్కో పృచ్ఛకుడి వంక చూసి పద్యం మొదటి మాట అందుకోగానే మిగతా పద్యం దారంలా వచ్చేసింది. సీఏ3 గురించి చదువుతున్నంతసేపూ నా కళ్ల ముందు ఆ ధారణే ఉంది. ఆసరా ఇస్తే పువ్వు పేరు చెప్పేసిన నాన్న కూడా.

మనుషుల్లో ఇదంతా ఎలా తెలుసు అంటారా? మూర్ఛకి ఆపరేషన్ చేసే ముందు కొందరికి మెదడులో సన్నని తీగలు కొన్ని రోజులు పెట్టి ఉంచుతారు, ఆ రోజుల్లో వాళ్లు ఒప్పుకుంటే పరిశోధకులు ఒక్కో న్యూరాన్‌ని వినగలరు. 2003లో అలా కంప్యూటర్ ఆటలో టాక్సీ నడుపుతున్న వాళ్లలో చోటు కణాలు దొరికాయి. 2005లో ఒకరి హిప్పోక్యాంపస్‌లో ఒక న్యూరాన్ నటి హాలీ బెర్రీ ఫోటోకి, గీసిన బొమ్మకి, చివరికి అక్షరాల్లో రాసిన ఆమె పేరుకి కూడా మోగింది. అంటే అది ముఖాన్ని కాదు, ఆ మనిషిని గుర్తుపడుతోంది. నా దృష్టిలో అన్నింటికంటే గొప్పది 2008లో వచ్చిన ఫలితం. రోగులకి చిన్న చిన్న వీడియోలు చూపించి, తర్వాత గుర్తొచ్చినవి చెప్పమంటే, ఒక వీడియో చూసేటప్పుడు మోగిన కణమే, దాన్ని తలుచుకునేటప్పుడు వాళ్లు నోరు తెరిచి చెప్పే ముందే మళ్లీ మోగింది. గుర్తుకు రావడం అంటే ఆ రోజు లేచిన జట్టు మళ్లీ లేవడం. మళ్లీ లేచిన ప్రతిసారీ అది కొంచెం మారే అవకాశమూ ఉంది. 2013లో సుసుము టోనెగావా బృందం ఎలుకలో ఒక గది తాలూకు కణాలని కాంతితో లేపుతూ, వేరే గదిలో షాక్ ఇస్తే, తర్వాత ఆ ఎలుక ఏ హానీ జరగని మొదటి గదికి భయపడింది. కాబట్టి భాకరాపేట ఘాట్‌లో దుప్పటి ఎర్రదా నీలందా అని మా నాన్నా పెదనాన్నా పోట్లాడుకుంటే ఇద్దరూ నిజమే చెబుతున్నామని నమ్ముతున్నారు.

నిద్ర గురించి చెప్పకపోతే ఈ కథ సగమే. 1994లో మాథ్యూ విల్సన్, బ్రూస్ మెక్‌నాటన్ చూసిందేమిటంటే, ఎలుకలు మెలకువగా తిరిగేటప్పుడు కలిసి మోగిన చోటు కణాలు తర్వాత నిద్రలో మళ్లీ కలిసి మోగుతున్నాయి. తర్వాతి పరిశోధనల్లో అవి నడిచిన వరసలోనే, కానీ చాలా రెట్లు వేగంగా మోగుతున్నాయని తేలింది. అలా మోగేటప్పుడు హిప్పోక్యాంపస్‌లో లేచే చిన్న విద్యుత్ అలలని వచ్చినవి వచ్చినట్టు ఆపేస్తే ఎలుకలు నేర్చుకున్నది సరిగ్గా నిలవలేదు. ఈ నిద్రలోని వల్లెవేతలతోనే సంఘటన తాలూకు ముక్కలు కార్టెక్స్‌లో ఒకదానితో ఒకటి నేరుగా ముడిపడతాయని, ఇక దారం అవసరం తగ్గుతుందని ఒక వాదం. కాదు, సారాంశం అలా మిగలొచ్చు గానీ కళ్లకు కట్టినట్టు గుర్తు రావాలంటే ఎప్పటికీ హిప్పోక్యాంపస్ కావాలని 1997లో నాడెల్, మాస్కోవిచ్ చెప్పిన వాదం ఇంకొకటి. నాకు రెండోదే నిజానికి దగ్గరగా ఉన్నట్టు అనిపిస్తుంది. నాన్న కొత్త ఇంట్లో మొదటి రెండు వారాలు సరిగ్గా నిద్రే పోలేదని మాత్రం ఇది చదివాకే గుర్తొచ్చింది, పైన వీధిలో రాత్రంతా బోరు వేస్తున్నారు.

టెన్షన్ మాటేమిటి? ఇది మన ఊళ్లోనే తేల్చారు. బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో సుమంత్ర చటర్జీ బృందం 2002లో రాసిన పరిశోధనలో, ఎలుకలని రోజుకి రెండు గంటలు కదలకుండా కట్టి ఉంచితే పది రోజులకి సీఏ3 న్యూరాన్ల కొమ్మలు కుంచించుకుపోయాయి, అదే సమయంలో భయానికి సంబంధించిన అమిగ్డాలాలో కొమ్మలు పెరిగాయి. ఒకే ఒత్తిడి, ఒక చోట కొమ్మ విరిచి ఇంకో చోట ఎరువు వేసింది. పిల్లలని రాత్రంతా కూర్చోబెట్టి, తిట్టి చదివించే ఇళ్లలో ఈ ఒక్క సంగతి తెలిస్తే బాగుండనిపిస్తుంది. నిద్రా పోయే, కొమ్మలూ పోయే.

నా భయం ఉత్తదేం కాదు, అది కూడా చెప్పాలి. అల్జీమర్స్‌లో న్యూరాన్ల నష్టం చాలామందిలో మొదట ఎంటోరైనల్ కార్టెక్స్‌లో, అంటే ఆ సందు చుక్కల ముగ్గు ఉన్న చోటే మొదలై హిప్పోక్యాంపస్‌కి పాకుతుంది. అందుకే బాగా తెలిసిన దారిలో తప్పిపోవడం తొలి సూచనల్లో ఒకటి. ఇక్కడ "బాగా తెలిసిన" అన్న మాట ముఖ్యం. కొత్త ఊళ్లో కొత్త వీధి కలవడం వేరు, ఇరవై ఏళ్లుగా నడిచిన బజారులో నిలబడి ఎటు పోవాలో తెలియకపోవడం వేరు. రెండోది జరిగితే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించండి, వయసు అని సర్దుకోకండి. మన ఐఐఎస్‌సీ ఆవరణలోని మెదడు పరిశోధన కేంద్రం వాళ్లు కోలారు జిల్లా శ్రీనివాసపురం పల్లెల్లో పెద్దవాళ్లని ఏళ్ల తరబడి పరీక్షిస్తూ ఈ మార్పులు ఎలా వస్తాయో చూస్తున్నారు, అక్కడ తెలుగు మాట్లాడే వాళ్లు చాలామందే.

చివరగా నాన్న ఉద్యోగం సంగతి. లండన్ టాక్సీ డ్రైవర్లు లైసెన్స్ కోసం ఆ ఊళ్లోని వేల వీధులు నోటికి నేర్చుకోవాలి, వాళ్ల హిప్పోక్యాంపస్ వెనక భాగం మామూలు వాళ్లకంటే పెద్దదని ఎలినార్ మగ్వైర్ బృందం 2000లో చూపింది. 2006లో అదే బృందం వాళ్లని లండన్ బస్సు డ్రైవర్లతో పోల్చింది. ఇద్దరూ అదే ట్రాఫిక్‌లో దాదాపు అన్నేళ్లుగా నడుపుతున్నవాళ్లే, కానీ ఆ పెరుగుదల బస్సు డ్రైవర్లలో లేదు, బహుశా బస్సులు కొన్ని నిర్ణీత రూట్లలోనే తిరుగుతాయి కాబట్టి. అది చదివి నాకు కొంచెం దిగులేసింది. మా నాన్నకి కూడా మదనపల్లె, పీలేరు, తిరుపతి, మళ్లీ తిరుపతి, పీలేరు, మదనపల్లె.

మొన్న ఆదివారం మార్కెట్ నుంచి ఆటోలో ఇద్దరం వస్తున్నాం. మా మెయిన్ రోడ్డు పైపుల కోసం తవ్వేసి ఉంది, ఆటో అతను ఆగి నా వంక చూశాడు, నేను ఫోన్ తీస్తున్నాను. నాన్న ముందుకు వంగి, "ఎడమకి తిప్పుకో నాయనా, ఎనిమిదో క్రాస్‌లో గణేశుని గుడి ఎనక నుంచి పోతే మా ఇస్త్రీ బండి కాడ తేల్తాం" అన్నాడు. ఆ దారిలో మేం ఎప్పుడూ వెళ్లలేదు. సరిగ్గా ఇస్త్రీ బండి పక్కనే దిగాం.